మీరు మంచం పడితే ఆ ఇల్లు ఎవరు చూస్తారు?

నమస్తే మేడమ్. నా వయసు 44. అల్వాల్‌లో సొంతిల్లు. ఆయన ప్రైవేట్ కంపెనీలో స్టోర్స్ చూస్తారు, షుగర్ ఉంది. పాప ఇంటర్, బాబు తొమ్మిదో తరగతి. అత్తమ్మకు 71 ఏళ్లు, మాతోనే ఉంటారు. 2021 మే నెలలో మా అన్నయ్య కరోనాతో పోయాడు. తొమ్మిది రోజుల ఆసుపత్రి బిల్లుకు వదిన పుస్తెలతాడుతో సహా అన్నీ తాకట్టు పెట్టింది. అప్పటి నుంచి నేను మారిపోయాను. మిద్దె మీద అరవై సంచుల్లో కూరగాయలు పెంచుతున్నాను. నీళ్లకు నాలుగు డ్రమ్ములు పెట్టాను. ఆరు నెలలకు సరిపడా బియ్యం, పప్పులు కొన్నాను. ఒక అల్మారా నిండా మందులు దాచాను, యాంటీబయాటిక్స్ కూడా ఉన్నాయి. బయట తిండి, సినిమాలు, కొత్త బట్టలు మానేశాం. హెల్త్ ఇన్సూరెన్స్ మూడేళ్లు కట్టాం, ఒక్క రూపాయి వాడింది లేదు. ఆ డబ్బు బ్యాంకులో ఉంటే నయమని ఈసారి కట్టలేదు. మొన్న పాప స్నేహితురాలి పుట్టినరోజుకని మూడొందలు అడిగింది. ‘రేపు నానమ్మకు ఏమన్నా అయితే?’ అన్నాను. వారం నుంచి నాతో మాట్లాడట్లేదు. ఆయనేమో ‘ఇది ఇల్లా, మెడికల్ షాపా?’ అంటారు. వీళ్లకు కష్టం విలువ తెలియదు. ఎలా నచ్చజెప్పాలి? నాకూ ఆర్నెల్లుగా నెలసరి బాగా ఎక్కువగా అవుతోంది, మెట్లెక్కితే ఆయాసం. టెస్టులంటే మళ్లీ ఖర్చని ఊరుకున్నాను.
– ఒక సోదరి, అల్వాల్

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. బియ్యం గురించి, మందుల గురించి, పాప గురించి వివరంగా రాశారు. మీ ఒంటి గురించి మాత్రం చిట్టచివర, అదీ పోతూ పోతూ చెప్పినట్టు రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆర్నెల్లుగా రక్తస్రావం ఎక్కువగా ఉండి, మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే ఒంట్లో రక్తం తగ్గి ఉండొచ్చు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అందుకే ‘ఆడవాళ్లకు మామూలే’ అనేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ మాట వినకండి. గర్భసంచిలో గడ్డలు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పు కావచ్చు, అరుదుగా ఇంకా పెద్ద సమస్యా కావచ్చు. చూపించుకుంటేనే తెలుస్తుంది. ఖర్చు అన్నారు కదా, మీ దగ్గర్లోని బస్తీ దవాఖానకు, అదే ప్రభుత్వం నడిపే చిన్న ఆసుపత్రికి, వెళ్లండి. సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాలు చూసే పరీక్ష), థైరాయిడ్ లాంటి పరీక్షలకు అక్కడే రక్తం తీసుకుని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు పంపుతారు. పైసా తీసుకోరు. 2018లో మొదలైన ఏర్పాటు ఇది, మనలాంటి వాళ్ల కోసమే. ఆ రిపోర్టు పట్టుకుని గైనకాలజిస్టును కలవండి. గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, కళ్లు తిరిగి పడిపోయినా రిపోర్టు కోసం కూడా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

మిద్దె మీద తోటకూర, గోంగూర ఉన్నాయి కదా, అవి తింటే రక్తం పడుతుందిలే అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. తినండి, మంచిదే. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే మీద నిమ్మకాయ పిండుకోవాలి, అన్నం తిన్న వెంటనే టీ తాగకూడదు. కానీ నెలనెలా ఇంత రక్తం పోతున్నప్పుడు ఆకుకూర ఒక్కటే ఆ లోటు పూడ్చలేదు. డాక్టర్ ఐరన్ మాత్రలు రాస్తే వేసుకోండి.

మీరు అత్తమ్మ మంచం పడతారని, ఆయనకు షుగర్ పెరుగుతుందని, పిల్లలకు జ్వరం వస్తుందని ఆలోచించి అన్నీ అమర్చుకున్నారు. ఆ అమరికలన్నిటిలోనూ నడుం బిగించి తిరిగే మనిషి మీరే. ఆ మనిషే పడిపోతే ఏమవుతుందన్నది మాత్రం మీ లెక్కలో లేదు. ఇది నాకు అనుభవం మీద తెలిసిన సంగతి. కొన్నేళ్ల కింద నాకు డెంగీ వచ్చింది. నాలుగు రోజులు తల ఎత్తలేకపోయాను. ఇన్సూరెన్స్ కార్డు బీరువాలో చీరల మధ్య పెట్టానని నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి మా వారు ఫోన్ చేస్తే, ఆ జ్వరంలో నేను ఏం చెప్పానో నాకే గుర్తులేదు. అత్తగారి బీపీ మాత్రలు రెండు రోజులు ఆగిపోయాయి. ఇంట్లో అన్నీ ఉన్నాయి. ఎక్కడున్నాయో తెలిసిన మనిషి మంచం మీద ఉంది.

అందుకని ఈ వారం మీరు చేయాల్సిన పెద్ద పని ఒక నోట్‌బుక్. ఎవరు ఏ మందు, ఎంత, ఏ పూట వేసుకుంటారు, ఎవరి బ్లడ్ గ్రూప్ ఏది, ఎవరికి ఏ మందు పడదు, ఏ డాక్టరు, ఆధార్, పాలసీ కాగితాలు, బ్యాంకు పుస్తకాలు ఎక్కడున్నాయి, గ్యాస్ ఏ ఫోన్ నంబరు మీద బుక్ అవుతుంది, నల్లా ఏ రోజు వస్తుంది. అన్నీ రాయండి. రాసింది పాపతో చదివించండి, అర్థం కాని చోట మళ్లీ రాయండి. బాబుకు అన్నం, చారు, పెసరపప్పు కట్టు, రాగిజావ చేయడం నేర్పండి. జ్వరం మనిషికి అంతకంటే ఏం కావాలి? తొమ్మిదో తరగతి పిల్లాడికి అది కష్టమైన పనేం కాదు.

ఇక ఇన్సూరెన్స్. మీ వదిన పుస్తెలతాడు తాకట్టు పెట్టిన రోజు గుర్తు చేసుకోండి. ఆ ఇంట్లో ఆ రోజు బియ్యానికి కొరత లేదు, కూరగాయలకు కొరత లేదు. బిల్లు కట్టే దారి లేదు. మిమ్మల్ని అంతగా కుదిపేసిన దెబ్బ అదే కదా, దాన్ని ఆపగలిగే ఒక్క ఏర్పాటునే మీరు వృథా అని వదిలేశారు. బాధతో అంటున్నాను, తప్పు పట్టి కాదు. గడువు దాటి ఎన్ని రోజులైందో ఇవాళే చూడండి. ఏడాదికోసారి కట్టే పాలసీకి 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆలోగా కడితే పాత పాలసీ కొనసాగుతుంది. దాటితే కొత్తగా తీసుకోవాల్సిందే, అప్పుడు ఆయన షుగర్ లాంటి పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి బీమా డబ్బు రాని కాలం, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు. అది మూడేళ్ల వరకూ ఉండొచ్చు. మీరు మూడేళ్లు కట్టారు. ఆ వెయిటింగ్ తీరే వేళకు వదిలేశారు. ఇంకో మాట, ఇదివరకు ప్రీమియం మీద పడే 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు. ఆ భారం కొంత తగ్గినట్టే. పాలసీలో రూమ్ రెంట్ పరిమితి ఎంతుందో కూడా చదవండి. దానికి మించిన గది తీసుకుంటే మిగతా బిల్లులోనూ కోత పడుతుంది, చాలామంది డిశ్చార్జి రోజున కంగారు పడేది అక్కడే.

అత్తమ్మకు 71 అన్నారు. 70 దాటిన వాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆయుష్మాన్ వైద్యం అని కేంద్రం 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. ఆ కార్డు మీ చుట్టుపక్కల ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ఆరోగ్యం బాగున్నప్పుడే వెళ్లి అడిగి రండి. మీకు ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కూడా ఉంటుంది, 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి 10 లక్షలు.

మందుల అల్మారాను ఆయనకు అప్పగించండి. ఆయన స్టోర్స్ మనిషి. ముందొచ్చిన సరుకు ముందు వాడాలని, గడువు తేదీ చూడాలని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇద్దరూ కూర్చుని ఖాళీ చేయండి. యాంటీబయాటిక్స్ మాత్రం ఇంట్లో ఉంచొద్దు. వైరల్ జ్వరానికి అవి పనిచేయవు, ఊరికే మింగితే నిజంగా అవసరమైన రోజున కూడా పనిచేయకపోవచ్చు. పారాసిటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, థర్మామీటర్, బీపీ మెషిన్, షుగర్ చూసే మెషిన్, కాటన్, గాజుగుడ్డ ఉంటే చాలు. ఇద్దరు పెద్దవాళ్లు రోజూ వేసుకునే మాత్రలు ఒక పదిహేను రోజులకు అదనంగా ఉంచండి. అవి జన ఔషధి షాపులో దొరికితే చాలా తక్కువకే వస్తాయి. ఓఆర్ఎస్ అయిపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, అంచుకు సమంగా కొలిచి కలపండి.

తోట విషయంలో నాకు మీ మీద గౌరవం ఉంది. నిజంగా. అరవై సంచులు ఒక్క మనిషి పెంచడం మాటలు కాదు. కానీ ఆయాసంతో మెట్లెక్కి అరవై సంచులకు నీళ్లు పోయొద్దు. ప్రస్తుతానికి ఇరవై, ఇరవై అయిదుకు తగ్గించండి. ఏవి ఉంచాలో నేనైతే ఇలా చూస్తాను: మీరు పది రోజులు పైకి వెళ్లకపోయినా ఏ మొక్క బతికి ఉంటుంది? కరివేపాకు, మునగ, నిమ్మ మిగతావాటికంటే ఎక్కువ తట్టుకుంటాయి. బచ్చలి తీగ, పొన్నగంటి, పుదీనా ఎవరో ఒకరు నాలుగు చెంబులు పోస్తే నిలుస్తాయి, కోసిన కొద్దీ చిగురిస్తాయి కూడా. తోటకూర, మెంతికూర విత్తనం చల్లితే నెల తిరక్కుండా వండుకోవచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయండి. వాటికి పట్టే పురుగుతో పోరాటం ఎక్కువ, చలికాలంలో రైతుబజార్లో ఎలాగూ చవక. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే నీళ్లు చాలా మిగులుతాయి, వేసవిలో ఆ తేడా బాగా తెలుస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు వాటికే పోయండి. ఇవన్నీ మీకు తెలిసినవే అనుకోండి.

నన్ను భయపెట్టింది ఆ నాలుగు డ్రమ్ములు. డెంగీ దోమ మురికి కాలువలో పుట్టదు. మనం జాగ్రత్తగా పట్టి పెట్టుకున్న మంచినీళ్లలో, కుండీ కింద ప్లేటులో, పాత టైరులో పుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. గుడ్లు డ్రమ్ము గోడకు, నీటి అంచుకు కాస్త పైన అతుక్కుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు. కాబట్టి నీళ్లు ఒంపేస్తే సరిపోదు, లోపలి గోడలు పీచు పెట్టి రుద్దాలి. మున్సిపాలిటీ వాళ్లు శుక్రవారం డ్రై డే, అంటే నిల్వ నీళ్లు ఒంపేసే రోజు, అంటారు కదా, ఆ రోజు ఇంట్లో అందరూ పావుగంట పైకి వెళ్లండి. డ్రమ్ములకు నూలు బట్ట బిగించి కట్టండి. కుండీల కింద ప్లేట్లు తీసేయండి. జబ్బుకు సిద్ధపడుతూ మిద్దె మీద జబ్బునే పెంచుకోకూడదు. వానాకాలంలో జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా డాక్టర్ చెప్పకుండా వేయొద్దు. డెంగీ అయితే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఆయన షుగర్ మనిషి కాబట్టి మిద్దె మీదకు చెప్పుల్లేకుండా రానివ్వకండి. మట్టి పని చేసేవాళ్లు టీటీ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లయితే మళ్లీ వేయించుకోవాలి.

నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని మన పెద్దవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో నలిగి కోరంటి అయింది. జబ్బు మనిషిని వేరుగా పెట్టి చూసుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. మీ ఇంట్లో కూడా అంటుకునే జ్వరం ఎవరికన్నా వస్తే ఏ గది ఇవ్వాలో, అత్తమ్మ ఎక్కడ పడుకోవాలో ముందే అనుకుని ఉంచండి. గాలి వచ్చే కిటికీ ఉన్న గది అయితే మంచిది. బియ్యం ఆరు నెలలకు అక్కర్లేదు, పప్పులకు పురుగు పడుతుంది. నెల, నెలన్నరకు సరిపడా ఉంచి వాడుకుంటూ నింపుకోండి.

వీళ్లకు కష్టం విలువ తెలియదు అన్నారు. నేను ఒప్పుకోలేనమ్మా. మేనమామ పోయినప్పుడు మీ పాపకు పన్నెండేళ్లు ఉంటాయేమో. ఆ ఇంట్లో ఏడుపులన్నీ ఆ పిల్లా విన్నది, ఆ తాకట్టూ చూసింది. ఇప్పుడు స్నేహితురాలి ఇంటికి వెళ్తానంటే ‘నానమ్మకు ఏమన్నా అయితే’ అన్న మాట వచ్చింది. కాలేజీ పిల్ల ఆ మాటను ఎక్కడ పెట్టుకుంటుంది? తను సంతోషపడితే ఇంట్లో ఎవరికో కీడు జరుగుతుందని కదా దానికి అర్థమైంది. మూడొందలు చేతిలో పెట్టి, ఆ రోజు అలా అనాల్సింది కాదని చెప్పండి. తల్లి అలా చెబితే పిల్లల దగ్గర చిన్నదైపోదు. నెల బడ్జెట్‌లో బియ్యానికి, ప్రీమియానికి పక్కన తీసినట్టే పిల్లల సరదాకు కూడా కొంత తీసిపెట్టండి, అది వాళ్ల ఇష్టం, లెక్క అడగొద్దు. ఆయనతో ఒక సాయంత్రం ఒంటరిగా మాట్లాడండి. సరుకుల గురించి కాదు, అన్నయ్య గురించి. ఇన్నేళ్లలో ఆ రోజుల గురించి మీరిద్దరూ ఎప్పుడన్నా కూర్చుని మాట్లాడుకున్నారా? మీ ఉత్తరంలో ఆ జాడ నాకు కనబడలేదు. ఆయనకు కనబడుతున్నది అల్మారా. దాని వెనక మీరు ఎంత భయపడుతున్నారో మీ నోటితో వింటే ఆయన ఆ ‘మెడికల్ షాపు’ మాట మళ్లీ అనరని నా నమ్మకం.

రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, ఎవరు దగ్గినా గుండె దడ వస్తున్నా మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

అన్నిటికంటే ముందు బస్తీ దవాఖాన. పాపకు కాలేజీ లేని పూట చూసుకుని తనను తోడు తీసుకెళ్లండి, నోట్‌బుక్‌లో మీ పేరు మీద మొదటి పేజీ తననే రాయమనండి. హిమోగ్లోబిన్ ఎంత వచ్చిందో నాకు రాయడం మర్చిపోకండి.