వెన్న పడలేదని దిగులు పడకు

చిరంజీవి అమ్మడుకు పెద్దమ్మ ఆశీస్సులు.

గంటసేపు చిలికినా నురగే తప్ప వెన్న జాడ లేదని, రెక్కలు పడిపోయాయని రాశావు. తప్పు నీ చేతులది కాదు తల్లీ, పెరుగు చలువ, వేడి సరిగ్గా కుదరకపోవడానిది.

పాలలో కొవ్వు కంటికి ఆనని బొట్లుగా ఉంటుంది. ఒక్కో బొట్టు చుట్టూ పల్చటి పొర. కవ్వం తిరిగేకొద్దీ ఆ పొరలు చిట్లి, బొట్లు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. పెరుగు మరీ చల్లబడితే కొవ్వు గట్టిపడి అతుక్కోదు, నురగ పొంగుతూనే ఉంటుంది. వెచ్చబడితే చాలా కొవ్వు మజ్జిగలోనే ఉండిపోతుంది, పడ్డ వెన్న కూడా జిడ్డు జిడ్డుగా ఉంటుంది. 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే హాయి. కొలవక్కర్లేదు. కుండకు చెయ్యి ఆనిస్తే చల్లగా తగలాలి, వేళ్లు జివ్వుమనకూడదు. ఎండల్లో తెల్లవారకముందే చిలుకు. చలికి కాసిని గోరువెచ్చని నీళ్లు పొయ్యి. కుండ సగానికి మించి నింపకు.

ఇక చెవి పెట్టి విను. నురగ కట్టినప్పుడు చప్పుడు మూగబోతుంది, కవ్వం బరువెక్కుతుంది. ఉన్నట్టుండి నీళ్లు తొణికిన చప్పుడు వస్తుంది, చెయ్యి తేలికవుతుంది, కవ్వానికి పట్టిన నురగ జారిపోతుంది. ఆవగింజలంత పలుకులు కనబడగానే ఆపెయ్యి. ఆశపడి ఇంకా తిప్పితే ముద్దలు కట్టి, లోపల మజ్జిగ చిక్కుకుపోతుంది.

చల్లటి నీళ్లతో మూడు నాలుగుసార్లు కడుగు, నీళ్లు తేటగా వచ్చేదాకా. నేను కొత్తలో ఒక్కసారి కడిగి ఊరుకున్నాను. మూడో రోజుకే వాసన పట్టింది, కాచి నెయ్యి చేసినా ఆ వాసన పోలేదు. అన్ని రోజుల మీగడ పోయిందని ఏడ్చాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పక్కింటివాళ్లకు ఎక్కువ వచ్చిందని నొచ్చుకోకు. గేదె పాలలో కొవ్వు 6 నుంచి 8 శాతం ఉంటుంది, ఆవు పాలలో 4 అటూ ఇటూ. నీ 5 లీటర్ల ఆవు పాలకు 200 గ్రాముల వెన్న వస్తే మంచి లెక్కే.

కొయ్య కవ్వాన్ని వేణ్నీళ్లతో కడిగి ఆరబెట్టు. చిలికే ముందు మళ్లీ చన్నీళ్లలో ముంచు, వెన్న అంటుకోదు. ఈసారి ఎంత పడిందో రాయి.

మీ పెద్దమ్మ