నాన్నకు ఇమ్యునోథెరపీ ట్రయల్... చేర్చమంటారా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పచ్చకామెర్లు వస్తే ముందు పసరు మందు తాగించాం. తగ్గకపోతే స్కాన్ తీయించాం. బైల్ డక్ట్ (పిత్తనాళం) క్యాన్సర్ అని, ఆపరేషన్‌కు వీల్లేదని చెప్పి, పైత్యరసం దిగేలా ఆ నాళంలో స్టెంట్ (చిన్న గొట్టం) వేశారు. ఇప్పుడు ఇమ్యునోథెరపీ ట్రయల్‌లో చేరమంటున్నారు. నాన్న మీద ప్రయోగాలు చేస్తారేమోనని అమ్మకు టెన్షన్. లివర్ క్యాన్సర్ ఉన్న మా బాబాయికేమో కీమో లేకుండా ఇంజెక్షన్లే ఇస్తున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ బాబాయిగారిది వేరే జబ్బమ్మా. లివర్‌లోనే పుట్టే క్యాన్సర్‌కు అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ ఇంజెక్షన్లు కలిపి 501 మంది మీద జరిగిన ట్రయల్‌లో పరీక్షించారు. పాత సొరాఫెనిబ్ మాత్రలతో సగం మంది 13.4 నెలలు దాటి బతికితే, ఈ రెండింటితో 19.2 నెలలు దాటి బతికారు. అందుకే ఆయనకు కీమో అక్కర్లేకపోయింది. నాన్నగారి జబ్బులో కీమోను వదలం, దానికి ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు జోడిస్తాం.

నాన్నగారి లాంటి జబ్బు మీద జరిగిన టోపాజ్-1 ట్రయల్‌లో 685 మంది చేరారు. అందరికీ జెమ్‌సైటబిన్, సిస్‌ప్లాటిన్ కీమో ఇచ్చారు. సగం మందికి దాంతోపాటు డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్, మిగతావారికి ఉత్తుత్తి మందు. సగం మంది దాటిన గడువు 11.5 నుంచి 12.8 నెలలకు పెరిగింది. ఇంతేనా అనిపిస్తుంది, నిజమే. కానీ రెండేళ్ల దగ్గర చూడండి: కీమో ఒక్కటే అయితే నూటికి పదిమంది, డుర్వాలుమాబ్ కలిస్తే దాదాపు పాతికమంది బతికున్నారు. అంటే ఈ మందు పనిచేసిన కొందరికి బాగా పనిచేస్తుంది. క్యాన్సర్ కణాల జన్యువుల్లో ఎంఎస్ఐ-హై అనే మార్పు ఉన్నవారికి ఆ అవకాశం ఎక్కువ. అలాంటివారు కొద్దిమందే అయినా, బయాప్సీ ముక్క మీద ఆ టెస్ట్ చేశారేమో అడగండి.

అమ్మగారి భయానికి వద్దాం. టోపాజ్-1లో రెండో సగం మందిని కూడా వైద్యం లేకుండా వదల్లేదు, అప్పటికి ఉన్న ప్రామాణిక కీమో ఇచ్చారు. మీకిచ్చిన కాగితాల్లో ముందు చూడాల్సింది ఇదే: కొత్త మందు దక్కని గ్రూపుకు ఏమిస్తారు? కీమో ఒక్కటేనా, ఇమ్యునోథెరపీ కూడానా? బయట ఆ ఇంజెక్షన్లు కొనగలిగేవారికి మొదటిది నష్టమే. కొనలేక కీమోతో సరిపెట్టుకునే ఇంటికైతే, నా ఉద్దేశంలో ట్రయల్ మంచి దారి. ట్రయల్‌కు సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు ఉండాలి. 2019 నాటి నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా బయటికి రావచ్చు. స్కాన్లు, అడ్మిషన్ల బిల్లు ఎవరిదో రాసి ఇమ్మనండి. తెలుగు ఫారం ఇంటికి తెచ్చుకుని, అమ్మగారి ముందు చదివాకే సంతకం చేయించండి.

స్టెంట్ వేశాక రక్తంలో బిలిరుబిన్ (కామెర్లకు కారణమయ్యే పసుపు పదార్థం) బాగా దిగితేనే ట్రయల్‌లోకి తీసుకుంటారు. ఈలోగా చలిజ్వరం వస్తే స్టెంట్ మూసుకుపోయి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పసరు సంగతి డాక్టర్ దగ్గర దాచొద్దు, ఇకపై తాగించొద్దు. రేపు లివర్ ఎంజైములు పెరిగితే కారణం పసరో, ఇంజెక్షనో తేలక మంచి మందును ఆపేయాల్సి వస్తుంది.

ఇమ్యునోథెరపీతో రెచ్చిన రోగనిరోధక శక్తి ఒక్కోసారి సొంత ఒంటి మీదే పడుతుంది. పేగులు, ఊపిరితిత్తులు, థైరాయిడ్, ఏదైనా కావచ్చు, నెలల తర్వాత కూడా. విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపులో మాత్ర అడిగి ఆపేయకండి. దానికి స్టెరాయిడ్లు వాడాల్సి రావచ్చు. కొత్తగా ఆయాసం, పొడిదగ్గు వచ్చినా రాత్రని చూడకుండా ట్రయల్ టీమ్‌కు ఫోన్ చేయండి.