బోరు నీళ్లలో ఇనుము, చెరువులో రాగి

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. మోటారు వేయగానే నీళ్లు తేటగా వస్తాయి. కాసేపటికి పసుపు తిరిగి, తెల్లారేసరికి బకెట్ అడుగున ఎర్రటి మడ్డి దిగుతుంది. టీ పెడితే నల్లగా అవుతోంది. బోరు దగ్గర పట్టిన నీళ్లలో ఐరన్ లీటరుకు 1.8 మిల్లీగ్రాములు, మిద్దె మీద ట్యాంకు నీళ్లలో 0.2 అని రిపోర్టులు వచ్చాయి. ఏది నమ్మాలి సార్? (ఒక గృహిణి)

జవాబు: రెండూ నిజమేనమ్మా. ఇనుము అదే, రూపం మారింది. భూమి లోపల గాలి తగలని చోట అది ఫెర్రస్ అయానుగా, అంటే రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుప అణువుగా, కరిగి ఉంటుంది. రంగు కనబడదు. పైకొచ్చి గాలి తగిలితే ఇంకో ఎలక్ట్రాను పోయి ఫెర్రిక్ అవుతుంది. మామూలు నీళ్లలో ఫెర్రిక్ కరిగి నిలవలేదు, హైడ్రాక్సైడుగా మారి మడ్డి కడుతుంది. మీ ట్యాంకులో దిగాల్సింది దిగిపోయాక పైతేట నీళ్లు పట్టి పంపారు, అందుకే 0.2. ఈ మార్పు ఎంత త్వరగా జరుగుతుందన్నది పీహెచ్‌ని, అంటే నీళ్లలో ఆమ్ల, క్షార గుణాలు చెప్పే అంకెను బట్టి ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే వేగం సుమారు వంద రెట్లు అవుతుంది.

ఇక టీ సంగతి. తేయాకులో వగరునిచ్చే టానిన్లు ఇనుముతో కలిసి నల్లటి పదార్థంగా మారతాయి. మీ ఊరి కలంకారీ పనివాళ్లకు ఇది రోజూ చేతిలో ఉండే పనే. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి కసిమి అనే ద్రావణం చేస్తారు. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద కసిమిలో ముంచిన కలం పెట్టగానే గీత నల్లబడుతుంది, ఎందుకంటే కరక్కాయ నిండా టానిన్లే. అదే బట్ట మీద పటిక నీళ్లు రాస్తే నలుపు రాదు. పటికలో ఉన్నది అల్యూమినియం, అది ఎర్ర రంగును పట్టి నిలుపుతుంది. తిరుపతిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో కరక్కాయ పొడి నానిన నీళ్లలో తుప్పు మేకు వేసి ఉంచేవాణ్ణి. నీళ్లు నల్లబడుతుంటే వెనక బెంచీ వాళ్లు కూడా లేచి వచ్చేవారు. ఈ పాఠం అంటే నాకు ఇప్పటికీ అంత ఇష్టం.

మీరు చేయాల్సింది: నీళ్లు ట్యాంకులో జల్లులా పడేటట్టు పైపుకు చిల్లులు పెట్టించండి. రాత్రంతా నిలవనిచ్చి, ఇసుక ఫిల్టరు గుండా వాడుకోండి. తాగునీటిలో ఇనుముకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము. ఈసారి పరీక్షకిచ్చేటప్పుడు నైట్రిక్ ఆమ్లం వేసిన సీసా ల్యాబ్ వాళ్లనే అడిగి తీసుకోండి. లేకపోతే దారిలోనే కొంత ఇనుము సీసా గోడకు అంటుకుని లెక్క తప్పుతుంది.

ప్రశ్న: రెండు చేపల గుంటల్లో పాచికి ఒకే మోతాదులో మైలుతుత్తం వేశాను. ఒకదాంట్లో పాచి కదల్లేదు, రెండోదాంట్లో చేపలు చచ్చాయి. ఎందుకిలా? (పుంగనూరు రైతు)

జవాబు: మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, అందులో ఉన్నది రాగి. చేప మొప్పలను దెబ్బతీసేది ముఖ్యంగా విడిగా తిరిగే రాగి అయాను. క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) ఎక్కువున్న నీళ్లలో కార్బొనేటు దాన్ని కట్టేస్తుంది, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలూ అంతే. మీ గుంటల్లో తేడా అక్కడే ఉండొచ్చు. ముందు క్షారత కొలిపించండి. లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపుంటే మైలుతుత్తం జోలికే పోవద్దు. అంతకు మించితే ఆ అంకెను వందతో భాగించండి, లీటరుకు అన్ని మిల్లీగ్రాములే మోతాదు. అదీ గుంటంతా ఒకేసారి వద్దు. పాచి మొత్తం ఒక్కసారిగా చచ్చి కుళ్లితే ఆక్సిజన్ పడిపోయి మిగిలిన చేపలూ పోతాయి.