సుగ్గికి వెళ్ళే ఇంటి నుంచి డిగ్రీలో చేరుతున్న అమ్మాయి ఏమేమి చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: కర్నూలు జిల్లా కోసిగి దగ్గరి పల్లెలో మీ చెల్లెలు ప్రభుత్వ జూనియర్ కళాశాల నుంచి ఎంపీసీ మంచి మార్కులతో పాసయింది, మీ ఇంట్లో డిగ్రీ గడప తొక్కే మొదటి మనిషి, ఫీజు ప్రభుత్వం చూసుకుంటుందంటున్నారు కదా, ఇంకేమి జాగ్రత్తలు తీసుకోవాలి అని.

మాదీ ఆ పక్క పల్లెనే. 2016లో కర్నూలులో బీఎస్సీలో చేరాను. ఇప్పుడు ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతున్నాను. నాకు ఏది గట్టిగా తగిలిందో దానితోనే మొదలుపెడతాను.

ముందు జనవరి గురించి ఆలోచించండి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబానికి కుటుంబం ఇంటికి తాళం వేసి గుంటూరు మిరప కోతలకు వెళ్ళడాన్ని సుగ్గి అంటామని మీకు చెప్పనక్కరలేదు, చదివే ఇతరుల కోసం రాస్తున్నాను. మొదటి ఏడాది సంక్రాంతికి ఇంటికి వెళితే వీధిలో లారీ సిద్ధంగా ఉంది. నాన్నకు నడుము పట్టేసింది. నెల రోజులే కదా అనుకుని నేనూ ఎక్కాను. నన్ను ఎవరూ రమ్మనలేదు, వద్దని కూడా అనలేదు. మిరప కోసిన చేతులకు ఎన్ని నీళ్ళు పోసినా మంట తగ్గదు. తిరిగి వచ్చాక కూడా రెండు రోజులు పెన్ను పట్టుకుంటే వేళ్ళ సందుల్లో చురుక్కుమనేది.

సెమిస్టర్ చివర నోటీసు బోర్డు మీద నా నంబరు కింద ఎర్ర సిరా గీత కనిపించింది. 90 పనిదినాల్లో 28 రోజులు పోయాయి, హాజరు 69 శాతం. పరీక్ష రాయడానికి కండొనేషన్ రుసుము, అంటే తగ్గిన హాజరును మన్నించడానికి తీసుకునే డబ్బు, కట్టాలి. ఉపకార వేతనానికి 75 శాతం ఉండాలి కాబట్టి ఆ విడత మెస్ డబ్బు ఆగిపోయింది. సుగ్గిలో ఎనిమిది వేలు మిగిలాయని మురిసిపోయాను, పోయింది అంతకంటే ఎక్కువ. లెక్కలు చదివేవాణ్ణి, ఆ లెక్క లారీ ఎక్కకముందే వేయవలసింది.

90 రోజుల సెమిస్టర్‌లో మానుకోదగ్గవి 22 రోజులు మాత్రమే. రెండో ఏడాది గది గోడ మీద కాగితం అంటించి 22 గళ్ళు గీశాను. జ్వరమొస్తే ఒక గడి కొట్టేయాలి. ఉరుకుంద ఈరన్న దర్శనానికి వెళ్ళినా, మేనమామ ఇంట పెళ్ళికి వెళ్ళినా అంతే. మీ చెల్లెలి చేత మొదటి వారంలోనే ఆ గళ్ళు గీయించండి. ఆ కాగితం మీ అమ్మానాన్నలకు కూడా చూపించండి. చదువు విలువ గురించి గంట చెప్పినా కదలని మా నాన్న ఆ గళ్ళు చూసి వెంటనే ఒప్పుకున్నాడు.

ఆడపిల్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా ఎలా వదిలి వెళతామని మీ అమ్మ అంటుంది. అది నిజమైన భయమే, చాదస్తమని కొట్టిపారేయకండి. వలస కాలంలో బడిపిల్లలకు సీజనల్ హాస్టళ్ళు తెరుస్తారు గానీ డిగ్రీ పిల్లలకు అలాంటివి లేవు. అందుకే కళాశాలలో చేరిన రోజే సంక్షేమ వసతి గృహానికి దరఖాస్తు పెట్టండి. పండుగ సెలవుల్లో మూసేస్తారా, మళ్ళీ ఏ రోజు తెరుస్తారు అని వార్డెన్‌ను అడిగి రాసుకోండి.

ఇక కళాశాల ఎంపిక. కర్నూలులో సిల్వర్ జూబ్లీ ప్రభుత్వ కళాశాల ఉంది. స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళు నిండిన సందర్భంగా 1972లో పెట్టారు. నేను ఇంటర్ చదివిన రెండేళ్ళలో ఒక్కరు కూడా నాకు ఆ పేరు చెప్పలేదు. సీటు వచ్చేదో లేదో వేరే మాట, అడగాలని కూడా తెలియలేదు. ఊరికి వచ్చి కరపత్రాలు పంచిన ప్రైవేటు కళాశాలలో చేరిపోయాను. అమ్మాయిలకైతే కేవీఆర్ ప్రభుత్వ మహిళా కళాశాల కూడా ఉంది. రెండింటినీ స్వయంగా చూసి రండి. ఇప్పుడు డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. వెబ్ ఆప్షన్లను, అంటే ఏ కళాశాల, ఏ కోర్సు కావాలో వరుసగా ఎంచుకునే పనిని, నెట్ సెంటర్ అతనికో, ఇంటికి వచ్చిన కళాశాల మనిషికో అప్పగించకండి. ఆప్షన్ల క్రమాన్ని మీ చెల్లెలే పెట్టాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నుంచీ ఉంది. డబ్బు నేరుగా కళాశాలకు వెళుతుందా, తల్లి ఖాతాలో పడుతుందా అన్నది ప్రభుత్వాలతో పాటు మారుతూ వస్తోంది. అది ఆలస్యమైందని మా కళాశాల నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వలేదు, బీఎడ్ కౌన్సెలింగ్ మొదటి విడత చేజారింది. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లోనే చెప్పింది. ఆ సంగతి తెలిసి ఉంటే నేను అంత బతిమాలేవాణ్ణి కాదు. పరిశీలన అయ్యాక ఒరిజినల్స్ వెనక్కి తీసుకోండి, నకళ్ళు ఇవ్వండి.

ఆమె తెలుగు మాధ్యమంలో చదివి ఉంటే ఇంకొక్క మాట. మొదటి నెలంతా నాకు లెక్కలే రావేమోనని భయపడ్డాను. తీరా చూస్తే మ్యాట్రిక్స్ అంటే నాకు బాగా తెలిసిన మాత్రికలే, డిటర్మినెంట్ అంటే నిర్ధారకమే, ఇంటిగ్రేషన్ అంటే సమాకలనమే. ఒక నోటుపుస్తకంలో పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఇంటర్‌లో నేర్చుకున్న మాట, కుడివైపు లెక్చరర్ వాడిన మాట రాసుకున్నాను. దసరా నాటికి సగం పుస్తకం నిండింది, భయమూ సగానికి దిగింది. ఇంగ్లీషు కోచింగ్‌కు డబ్బు కట్టేముందు ఈ పని చేయించండి.

సంక్రాంతికి ఆమె ఇంటికి వచ్చినప్పుడు, లారీ బయలుదేరడానికి ఒక రోజు ముందే కర్నూలు బస్సు ఎక్కించండి. రెండో ఏడాది మా అక్క నన్ను అలాగే పంపింది.