పిన్‌కోడ్‌ను విడగొట్టి చూడరా

ఒరేయ్ చిన్నా,

ఆరంకెల సంఖ్య ఇచ్చి లక్షణాలు రాయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావని అక్కయ్య చెప్పింది. ముందు దాన్ని ప్రధాన సంఖ్యలుగా విడగొట్టు. మిగతావన్నీ అక్కణ్నుంచే వస్తాయి. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టు, అది జవాబు చెబుతుంది గానీ దారి చెప్పదు.

మన గుంటూరు బ్రాడీపేట పిన్‌కోడ్ 522002 తీసుకో. సరిసంఖ్య, కాబట్టి 2 ఉంది. అంకెలు కూడితే 11, అంటే మూడో ఎక్కంలో పోదు. చివర 2 ఉంది కాబట్టి 5 కూడా లేదు. ఇక 7, 11, 13లను విడివిడిగా భాగించుకుంటూ కూర్చోకు. ఆ మూడింటినీ గుణిస్తే 1001 వస్తుంది, అందుకని మొదటి మూడంకెల్లోంచి చివరి మూడంకెలు తీసెయ్, 522 లోంచి 2 పోతే 520, అది 13తో పోతుంది, 7తోనూ 11తోనూ పోదు, 522 × 1001 లోంచి ఆ 520 తీసేస్తే వచ్చేదే 522002, కాబట్టి అసలు సంఖ్య కూడా అంతే. కోచింగ్‌లో చెప్పే షార్ట్‌కట్లలో నాకు నచ్చేది ఇదొక్కటే, ఎందుకంటే దీనికి కారణం కూడా చెప్పొచ్చు.

2తోనూ 13తోనూ భాగిస్తే 20077. దాన్ని 17తో భాగిస్తే 1181. ఇక్కడ చాలామంది కంగారుపడి ఇంకా పెద్ద సంఖ్యలు వెతుకుతారు. అక్కర్లేదురా, 35 వర్గం 1225, అది 1181ని దాటేసింది, కాబట్టి 31 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు. ఏదీ పోదు. అంటే 522002 = 2 × 13 × 17 × 1181.

ఇక భాజకాలు. నాలుగు ప్రధాన సంఖ్యల్లో ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయొచ్చు, కాబట్టి మొత్తం 16. వాటన్నిటి మొత్తం కావాలంటే ఒక్కో ప్రధాన సంఖ్యకు 1 కలిపి గుణించు, 3 × 14 × 18 × 1182, అంటే 893592.

అసలు అందం ఇప్పుడుంది. 13, 17, 1181 మూడూ 4తో భాగిస్తే శేషం 1 ఇస్తాయి. అలాంటి ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో ఉత్తరంలో రాశాడు, నిరూపణ మాత్రం తర్వాతి శతాబ్దంలో ఆయిలర్ అనే గణితజ్ఞుడు ఇచ్చాడు. 13 అంటే 9 + 4, 17 అంటే 16 + 1, 1181 అంటే 34 వర్గం + 5 వర్గం, మిగిలిన 2 అంటే 1 + 1. అలా రాయగలిగిన రెండు సంఖ్యల్ని గుణిస్తే వచ్చేది కూడా రెండు వర్గాల మొత్తమే: (a² + b²)(c² + d²) = (ac − bd)² + (ad + bc)², ప్లస్, మైనస్ గుర్తులు అటూ ఇటూ మార్చినా నిజమే. ఆ సూత్రం మన బ్రహ్మగుప్తుడి పేరు మీదే ఉంది. దాంతో కట్టుకుంటూ పోతే మన పిన్‌కోడ్‌కు నాలుగు జతలు వస్తాయి: (601, 401), (691, 211), (709, 139), (719, 71). ఒక్కో జతను వర్గం చేసి కూడి చూసుకో, నా మాట మీద నమ్మకు.

ఇప్పుడు బెజవాడలో మీ లబ్బీపేటది, 520010, నువ్వే చెయ్. 10తో భాగించాక 52001 మిగులుతుంది, 228 దాకా వెతకాలేమో అనిపిస్తుంది గానీ అంతకన్నా ముందే దొరుకుతుంది. దీనికీ వర్గాల జతలు సరిగ్గా నాలుగే రావాలి, మూడే వచ్చాయంటే ఎక్కడో ప్లస్, మైనస్ తారుమారు చేశావన్నమాట. కాగితం మీద చేసినదంతా ఫోటో తీసి పంపు, జవాబు ఒక్కటే పంపితే నేను చూడను.

మీ మామయ్య