ఖెంటి-అమెంటియు: ఇందులో ఉన్నది ఆమెన్ దేవుడు కాదు

మీరు ఈజిప్టు రాత ఉన్న ఫొటో పంపి, ప్రాచీన ఈజిప్టులో చనిపోయినవాళ్ల దేవుడైన ఒసిరిస్ బిరుదు 'ఖెంటి-అమెంటియు'లో ఆమెన్ అనే మరో ఈజిప్టు దేవుడి పేరు ఉందా అని అడిగారు కదండీ. లేదు. వినడానికి దగ్గరగా ఉండటం వల్ల చాలామంది అలాగే అనుకుంటారు.

'ఖెంట్' అంటే ముఖం, ముందుభాగం. దాన్నుంచి 'ఖెంటి', అంటే ముందుండేవాడు. 'అమెంటియు' అంటే పడమటివాళ్లు. చివరి 'యు' బహువచనం. పొద్దు గుంకే దిక్కు కాబట్టి పడమటివాళ్లంటే చనిపోయినవాళ్లే. మొత్తం కలిపితే 'చనిపోయినవాళ్లలో అగ్రుడు'. మొదట ఇది అబిడోస్ అనే ఈజిప్టు ఊళ్లో వేరే నక్క దేవుడి పేరు, తర్వాత ఒసిరిస్‌కి వచ్చింది.

నాకు బాగా నచ్చేది పడమరకి ఈజిప్షియన్లు వాడిన మాటే. దాని మూలం 'కుడి'. ఈజిప్షియన్లు నైలు వచ్చే దక్షిణం వైపు తిరిగి దిక్కులు చెప్పేవారు, అప్పుడు కుడిచేతి వైపు పడమరే కదా! మన 'దక్షిణం' కూడా ఇంతే: తూర్పుకి తిరిగితే కుడివైపు దక్షిణం.

ఆమెన్ పేరుకి అర్థం 'దాగినవాడు'. పడమర మాట మూలంలోని హల్లులే ఇందులోనూ ఉన్నాయి, కానీ రాత చూస్తే తేడా తెలిసిపోతుంది. ఈజిప్షియన్ల బొమ్మల లిపిలో పడమరకి కొయ్యమీద నిలిపిన ఈక బొమ్మ వేసేవారు, ఆమెన్ పేరు రెల్లు ఆకు బొమ్మతో మొదలవుతుంది. మీ ఫొటోలో ఈక ఉందేమో ఒకసారి చూడండి.