చదువు – సందేహం: తరగతి గదిలో డిజిటల్ క్విజ్

ప్రశ్న: ఏడో తరగతికి గణితం చెబుతున్నాను. సెక్షన్‌లో 42 మంది పిల్లలు. గదిలో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, పిల్లల దగ్గర మాత్రం ఫోన్లు ఉండవు. అందుకని ప్యానెల్ మీద కహూట్ అనే క్విజ్ యాప్ పెట్టి, టీచర్ల ఫోన్లు నాలుగు ఇచ్చి జట్లుగా ఆడిస్తున్నాను. గది హోరెత్తిపోతుంది కానీ ప్రతిసారీ అదే ఐదారుగురు పిల్లలు జవాబు నొక్కుతున్నారు. క్విజ్‌లో దాదాపు అన్నీ సరైన జవాబులే వస్తాయి, అదే పాఠం మీద కాగితం పరీక్ష పెడితే సగం మంది తప్పుతున్నారు. పాఠం అర్థమైందో లేదో క్విజ్‌ల ద్వారా నిజంగా తెలుసుకోగలమా?
– ఒక ఉపాధ్యాయురాలు, పటమట, విజయవాడ

జవాబు: తెలుసుకోగలమమ్మా, కానీ మీరు ఇప్పుడు ఆడిస్తున్న పద్ధతిలో కాదు. నాలుగు ఫోన్ల నుంచి వచ్చే నాలుగు జవాబులు ఆ నాలుగు జట్లలో చురుకైన పిల్లలవి. మిగిలిన ముప్పై ఎనిమిది మంది మనసులో ఏముందో వాటిలో ఎక్కడా కనిపించదు. పైగా కహూట్‌లో మామూలుగా ఒక్కో ప్రశ్నకు గరిష్ఠంగా 1000 పాయింట్లు ఉంటాయి, జవాబు ఆలస్యమయ్యే కొద్దీ అవి సగం దాకా తగ్గుతాయి. అంటే ఆలోచించి చెప్పిన బిడ్డ కంటే గబుక్కున నొక్కిన బిడ్డకు ఎక్కువ పాయింట్లు వస్తాయి. ఎక్కాలు గుర్తున్నాయో లేదో చూడటానికి ఆ వేగం పనికొస్తుందేమో కానీ, భిన్నాల కూడిక అర్థమైందో లేదో చూడటానికి ఏమాత్రం పనికిరాదు. కహూట్‌లోనే పాయింట్లు లేకుండా ప్రశ్న అడిగే వీలుంది, సమయాన్ని నాలుగు నిమిషాల దాకా పెంచుకునే వీలూ ఉంది. ముందు ఆ రెండూ మార్చండి.

ఫోన్లు లేని తరగతికి నేను సూచించేది ప్లికర్స్ అనే యాప్. ఇందులో ప్రతి విద్యార్థికీ ఒక కాగితం కార్డు ఉంటుంది. దాని మీద నలుపు తెలుపు గళ్ల ఆకారం, దాని నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో ఎ, బి, సి, డి ఉంటాయి. తాను అనుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే, మీరు మీ ఫోన్ కెమెరాను గది అంతటా ఒకసారి తిప్పితే చాలు, ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో పేరు పేరునా నమోదవుతుంది. ఏ ఇద్దరి కార్డుల ఆకారమూ ఒకలా ఉండదు కనుక ముందు బెంచీ పిల్లవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు. మామూలు సెట్టులో 40 కార్డులే ఉంటాయి, మీకు 42 మంది ఉన్నారు కనుక 63 కార్డుల సెట్టు తీసుకుని జిరాక్స్ వేయించండి. అట్ట మీద అంటించుకోవచ్చు కానీ మెరిసే ల్యామినేషన్ మాత్రం చేయించకండి, కిటికీ వెలుగు దాని మీద పడి మెరిస్తే కెమెరా చదవలేదు. వేళ్లు గళ్ల మీద పడకుండా అంచులు పట్టుకోవడం పిల్లలకు మొదటి రోజే అలవాటు చేయాలి.

ఏ పరికరం వాడినా అసలు పని ప్రశ్న తయారు చేయడంలోనే ఉంది. నేను గుంటూరులో పనిచేసిన తొలి రోజుల్లో ఈ విషయం తెలియక ఒక టర్మంతా పోగొట్టుకున్నాను. సరైన జవాబు పక్కన తోచిన మూడు అంకెలు పెట్టేవాణ్ణి, పిల్లలు వాటిని సులభంగా కొట్టిపారేసేవారు, అందరికీ పాఠం వచ్చిందని సంతోషపడి ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. యూనిట్ పరీక్ష కాగితాలు దిద్దుతున్నప్పుడు గానీ నేను వదిలేసి వచ్చిన పిల్లలు ఎందరో తెలియలేదు. ఆ కాగితాల్లోని తప్పులనే ఆ తరువాత ఆప్షన్లుగా వాడటం మొదలుపెట్టాను.

ఉదాహరణకు 1/3 + 1/4 ఎంత అని అడిగి 7/12, 2/7, 2/12, 1/12 అని నాలుగు జవాబులు ఇవ్వండి. 2/7 ఎంచుకున్న బిడ్డ లవానికి లవం, హారానికి హారం కూడింది. 2/12 ఎంచుకున్న బిడ్డ క.సా.గు. సరిగ్గానే కట్టి, లవాలను మార్చడం మరిచిపోయింది. 1/12 ఎంచుకున్నది గుణకారం సూత్రాన్ని తెచ్చి ఇక్కడ వాడింది. మూడూ తప్పులే అయినా మూడింటికీ మీరు చెప్పవలసిన మాట వేరు. రెండో బిడ్డకు ఒక్క మెట్టు గుర్తు చేస్తే సరిపోతుంది. మొదటి బిడ్డకు సూత్రం మళ్లీ వల్లె వేయించినా లాభం లేదు, భిన్నం అంటే ఏమిటన్న దగ్గరికే తిరిగి వెళ్లాలి. గ్లాసులో మూడో వంతు మజ్జిగ ఉంది, దానికి ఇంకో పావు గ్లాసు కలిపాం, మరి 2/7 అంటే మూడో వంతు కంటే తక్కువే కదా, పోసిన కొద్దీ మజ్జిగ తగ్గుతుందా అని అడిగి చూడండి. ఆ బిడ్డ ముఖంలో వచ్చే మార్పు కోసమే నేను ఇన్నేళ్లూ బడికి వెళ్లాను.

జవాబులు వచ్చాక ఏం చేయాలన్న దానికి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ప్రవేశపెట్టిన పద్ధతి మన తరగతులకూ చక్కగా సరిపోతుంది. ముందు ఎవరికి వారే జవాబు చెప్పాలి. సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితే, మీరు జవాబు బయటపెట్టకుండా, వేరే జవాబు చెప్పిన పక్కవారికి నచ్చజెప్పమని రెండు మూడు నిమిషాలు వదిలి, అదే ప్రశ్న మళ్లీ అడగాలి. అంతకంటే తక్కువ మందే చెప్పగలిగితే చర్చ వల్ల ప్రయోజనం ఉండదు, పాఠమే ఇంకో దారిలో చెప్పాలి. ఎక్కువ మంది చెబితే రెండు మాటల్లో వివరించి ముందుకు సాగవచ్చు. ఈ లెక్క చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నకు 42 మందీ కళ్లు మూసుకుని జవాబు చెప్పినా పది పదకొండు మందివి సరైనవే అవుతాయి. కనుక వీలైనప్పుడు మూడు జవాబులిచ్చి, నాలుగోది ‘నాకు తెలియదు’ అని పెట్టండి. అలా చెప్పిన బిడ్డను మందలించకుండా ఉంటే రెండు మూడు వారాల్లో నిజాయితీగా చెప్పడం అలవాటవుతుంది.

పీరియడ్‌కు రెండు ప్రశ్నలు చాలు, ఒకటి పాఠం మధ్యలో, ఒకటి చివర. కరెంటు పోయినా, నెట్ రాకపోయినా పలకలు ఉండనే ఉన్నాయి. అందరూ జవాబు రాసి, మీరు చెప్పగానే ఒక్కసారిగా ఎత్తి చూపిస్తే ఇదే పని జరుగుతుంది, పేర్లు నమోదు కావు, అంతే తేడా.

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి. బడి నుంచి రోజూ సాయంత్రం క్విజ్ లింకు పంపి, రాత్రికి ర్యాంకుల పట్టికను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. కింది వరుసలో పేరు చూసుకుని పిల్ల అన్నం మానేస్తోంది. క్విజ్ మాన్పించమంటారా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: క్విజ్ మాన్పించకండి, పట్టిక మాన్పించమని టీచరు గారిని అడగండి. ఇది మీరు గట్టిగా అడగదగిన విషయం. చదివినదాన్ని పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం వల్ల అది ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నా, వారం తరువాత గుర్తు తెచ్చుకుంటూ సాధన చేసినవారే మెరుగ్గా రాశారు. ఆ మేలు జరగడానికి ర్యాంకుతో పని లేదు. ఇంట్లో చేసే క్విజ్‌లో ఎవరికి అన్న సాయం చేశాడో, ఎవరు పుస్తకం తెరిచి చూశారో ఎవరికీ తెలియదు కనుక ఆ పట్టిక పిల్లల చదువును కొలిచిందనీ చెప్పలేం.

గూగుల్ ఫామ్స్‌లో క్విజ్ పెడితే ఏ ప్రశ్నకు ఎందరు ఏ జవాబు ఇచ్చారో టీచరుకు మాత్రమే కనిపించేలా ఉంచుకోవచ్చని, పేరు, ఈమెయిల్ బదులు రోల్ నంబరు అడిగితే సరిపోతుందని చెప్పండి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్ధెనిమిదేళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది, వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి చోటిస్తుంది. కనుక ఏ యాప్‌లో ఏ వివరాలు ఇస్తున్నారని అడగడానికి సంకోచించకండి.

ఈలోగా మీరు మార్కులు చూడకుండా పాప పక్కన కూర్చుని, తప్పిన ప్రశ్న ఒక్కటి తీసుకుని, ఆ జవాబు ఎందుకు అనుకున్నావమ్మా అని అడగండి. తను చెప్పింది ఒక చీటీ మీద తన మాటల్లోనే రాసి, మర్నాడు నోటుపుస్తకంలో పెట్టి టీచరు గారికి పంపండి.